బర్న్‌ఫుట్ అనే ఊరు ఎక్కడుంది?

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా వెళ్ళి అక్కడే చనిపోయిన ఐరిష్ మనిషి మరణపత్రం చూస్తే, ‘పుట్టిన చోటు’ అన్న గడిలో చాలాసార్లు ఒక్క మాటే ఉంటుంది: ఐర్లండ్. జనాభా లెక్కల్లోనూ అంతే. పౌరసత్వం కాగితాల్లో కూడా తరచుగా అంతే. రాసుకునే గుమాస్తాకి అంతకు మించి అవసరం లేదు. ఆ పోయినవాడికి మాత్రం ఐర్లండ్ అనే మాటతో పెద్దగా పని పడి ఉండదు. వాడికి తెలిసింది ఒక టౌన్‌లాండ్, దాన్ని ఆనుకుని ఇంకో టౌన్‌లాండ్, అలాంటివి కొన్ని కలిస్తే ఒక పారిష్, ఆ పారిష్‌లో వాడికి బాప్తిస్మం ఇచ్చిన చర్చి. టౌన్‌లాండ్ అంటే అక్కడ నేలకి ఉన్న అతి చిన్న కొలత, కొన్ని ఇళ్ళు, కొన్ని పొలాలు. దేశం మొత్తం మీద అలాంటివి 60,000 పైచిలుకు. ఒకే పేరున్నవి బోలెడు. అందుకే పూర్వీకుల్ని వెతుక్కునే ఐరిష్ అమెరికన్లందరి కథా ఒకేచోట ఆగిపోతుంది. పేరుంది, దేశముంది, మధ్యలో ఉండాల్సిన పారిష్ లేదు. ఏ పారిష్సో తెలియకపోతే ఏ రిజిస్టర్ తెరవాలో తెలియదు.

మా టీమ్‌లో అమెరికా నుంచి పనిచేసే ఒకాయన నాలుగేళ్ళుగా ఇదే వెతుకులాటలో ఉన్నాడు. డనిగాల్ కౌంటీ దాకా వచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. ఒకసారి మీటింగ్ మొదలయ్యేలోపు మా ఇంటిపేరుకి అర్థమేంటని అడిగాడు. అదొక ఊరి పేరనీ, ఆ ఊళ్ళో ఇప్పుడు మావాళ్ళెవరూ లేరనీ, నేనెప్పుడూ వెళ్ళలేదు గానీ ఫోన్లో మ్యాప్ తీస్తే కనిపిస్తుందనీ చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఐరిష్ ఇంటిపేర్లలో ముందుండే ‘ఓ’ అంటే మనవడు, ‘మాక్’ అంటే కొడుకు. అవి మనిషిని చూపిస్తాయి, చోటుని కాదు. ఆ మనిషి వెయ్యేళ్ళ కిందటివాడైనా కావచ్చు.

బ్రయన్ ఫ్రీల్ ‘ట్రాన్స్‌లేషన్స్’ నాటకాన్ని నేను మళ్ళీ చదవడానికి కారణం ఆయన వెతుకులాటే. 1980 సెప్టెంబర్ 23న డెర్రీ నగరంలోని గిల్డ్‌హాల్‌లో మొదటిసారి ఆడారు. ఫ్రీల్, నటుడు స్టీఫెన్ రే కలిసి పెట్టిన ఫీల్డ్ డే సంస్థకి అదే తొలి ప్రదర్శన. కథ 1833లో, డనిగాల్‌లో బాలె బెగ్ అనే ఊహా గ్రామంలో నడుస్తుంది. ఒక పాత కొట్టంలో హ్యూ అనే తాగుబోతు పండితుడు లాటిన్, గ్రీకు చెప్పే వీధిబడి. ఆ ఊరికి బ్రిటిష్ సైన్యం వాళ్ళు ఆర్డ్‌నెన్స్ సర్వే పని మీద వస్తారు. దేశమంతా కొలిచి, ఐరిష్ ఊరి పేర్లన్నిటినీ ఇంగ్లీషులోకి మార్చి, ‘నేమ్ బుక్’లో రాసుకోవడం వాళ్ళ ఉద్యోగం. హ్యూ చిన్నకొడుకు ఓవెన్ వాళ్ళకి దుబాసీ. వాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క ‘రోలండ్’ అంటుంటారు, ఇతనూ మొదట్లో దిద్దడు.

ఈ నాటకం గురించి ఎవరు రాసినా రెండు మాటలు తప్పకుండా వస్తాయి: భాష పోవడం, వలసపాలన. రెండూ నిజమే. మన దగ్గర ఇంగ్లీషు మీడియం వాదనల్లో కూడా దీన్ని లాక్కొచ్చినవాళ్ళని చూశాను. ఆ గొడవ ఇక్కడ వద్దు. ఈసారి నేను చదివింది వేరే వైపు నుంచి. ఈ పాత్రల్లో ఒకరు అమెరికా వెళ్ళిపోతే, వాళ్ళ మునిమనవరాలు తిరిగి బాలె బెగ్ దాకా రాగలదా?

ఇది నేను బయటినుంచి తెచ్చిన ప్రశ్న కాదు. మాయిర అనే అమ్మాయి మొదటి అంకంలోనే చెబుతుంది, కోతలు అయిపోగానే అమెరికా పోతానని. తన కింద పదిమంది ఉన్నారు, ఇంట్లో మగదిక్కు లేదు. లాటిన్, గ్రీకు ఆమెకి అక్కర్లేదు, ఇంగ్లీషు కావాలి. నాటకమంతా ఐరిష్ భాష కోసం కన్నీళ్ళు పెట్టుకునే ప్రేక్షకుడికి ఈ పిల్ల కొంచెం ఇబ్బంది. వదిలేయాలని నిర్ణయించుకున్నది ఏ సైనికుడూ కాదు, ఈమే.

సరే, మాయిర వెళ్ళిందనుకుందాం. ఆమె పేరేంటి? నాటకంలో మాయిర అన్నాక వచ్చే మాటకి ‘గిరజాల జుట్టు’ అని అర్థం. ఊళ్ళో బిడ్డని కన్న ఇంకొకావిడ ‘ఎర్రజుట్టు’ నెల్లీ. నోట్లోంచి మాట రాక అవస్థపడే సేరాని ‘సేరా జానీ శాలీ’ అంటారు, ఇంటివాళ్ళ పేర్లు తోకలా తగిలించి. ఆ ఊళ్ళో ఇంతకన్నా కచ్చితమైన చిరునామా లేదు, ఆ ఊరి బయట దీనికన్నా పనికిరానిదీ లేదు. న్యూయార్క్ రేవులో గిరజాల జుట్టు మాయిర ‘మేరీ’ అవుతుంది. దాని పక్కన ఊళ్ళో ఎవరూ పిలవని ఇంటిపేరు ఒకటి చేరుతుంది.

పారిష్ రిజిస్టర్‌లో ఆమె అదీ కాదు, ‘మరియా’. చర్చి రాతల్లో లాటిన్ ఎక్కువ. ఫ్రీల్ లాటిన్‌ని ఊరికే పెట్టలేదనిపిస్తుంది నాకు. ఒకే మనిషి ఇంట్లో డియర్మిడ్, ఇంగ్లీషు కాగితంలో జెరెమయ్యా, రిజిస్టర్‌లో జెరెమియాస్. ఈ పేర్ల మధ్య అర్థంలో చుట్టరికమేమీ లేదు, ఏదో దగ్గరగా వినబడిందని పెట్టుకున్నారు. డేటాబేస్‌లో ఒకే మనిషి రికార్డులు వేరువేరు పేర్లతో ఉంటే వాటిని కలపడం నేను కొన్నాళ్ళు చేసిన పని. పేరుని శబ్దాన్ని బట్టి కోడ్‌గా మార్చే ‘సౌండెక్స్’ అనే పద్ధతి ఒకటుంది, 1918లో పేటెంట్ తీసుకున్నది, ఇవాళ్టికీ డేటాబేస్‌లలో ఉంది. దానికి సలివన్‌ని ఇస్తే ఎస్415 అంటుంది. ఓసలివన్‌ని ఇస్తే ఓ241. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది కాబట్టి, ముందు ఒక్క ‘ఓ’ చేరితే చాలు, ఒకే ఇంటి అన్నదమ్ములు ఒకరికొకరు ఏమీ కాకుండా పోతారు. ఎందరో ఐరిష్ వాళ్ళు అప్పట్లో ఆ ‘ఓ’ని తీసేసుకున్నారు, తర్వాతి తరాల్లో కొందరు తిరిగి పెట్టుకున్నారు.

మనిషి పేరుది ఇంత అవస్థ కాబట్టి చోటు పేరు మీద ఆశ పెట్టుకుంటాం. రెండో అంకం ఆ ఆశ గురించే.

ఓవెన్, లెఫ్టినెంట్ యోలండ్ నేల మీద మ్యాప్ పరుచుకుని కూచుంటారు. పక్కన నాటుసారా. యోలండ్ మెత్తటి మనిషి. ఈస్ట్ ఇండియా కంపెనీలో ఉద్యోగం వచ్చి బొంబాయి ఓడ ఎక్కాల్సినవాడు, ఒకరోజు ఆలస్యమై ఓడ తప్పిపోయి, ఇంటికెళ్ళి తండ్రికి మొహం చూపించలేక సైన్యంలో చేరాడు. (ఇక్కడ మనకి ఒక చిన్న దారి ఉంది. హైదరాబాదు కేంద్రంగా లాంబ్టన్ నడిపిన సర్వేలో పని నేర్చిన జార్జ్ ఎవరెస్ట్, 1829లో ఐర్లండ్ వెళ్ళి ఇదే ఆర్డ్‌నెన్స్ సర్వే పనితీరు చూసి, వాళ్ళు వాడే కొలత కడ్డీల్లాంటివి ఇండియాకి తెచ్చుకున్నాడు. యోలండ్ బొంబాయి ఓడ అందుకుని ఉన్నా బహుశా గొలుసు పట్టుకుని పొలాలే కొలిచేవాడు.)

మొదట తేల్చాల్సింది ఒక నది సముద్రంలో కలిసే చోటు. ఐరిష్‌లో ‘బున్ నా హావన్’, నది అడుగు అని. చర్చి రిజిస్టర్ దాన్ని ఒకలా రాసింది, ఫ్రీహోల్డర్ల జాబితా ఇంకోలా, గ్రాండ్ జ్యూరీ జాబితా మరోలా. ఒకే చోటు, ఎవరికి వినబడినట్టు వాళ్ళు. ఇద్దరూ తర్జనభర్జన పడి ‘బర్న్‌ఫుట్’ అని తేలుస్తారు. ఈ సన్నివేశాన్ని సాధారణంగా హింసగా చదువుతారు. నాకు మాత్రం రికార్డులు తెచ్చి ముందు పెట్టుకుని తల పట్టుకునే ప్రతి వారసుడి రాత్రీ ఇందులో కనిపించింది. ఆ మూడు జాబితాల్లో ఒకదాంట్లో దొరికిన ఊరు మిగతా రెండింట్లో దొరకదు. వాటిని కలిపేది బర్న్‌ఫుట్ అనే ముద్రే, అదెంత అడ్డగోలుగా ఉన్నా.

తర్వాత వచ్చేది టోబర్ వ్రీ. అదొక నాలుగురోడ్ల కూడలి. టోబర్ అంటే బావి. కూడలిలో బావి లేదు. వ్రీ అంటే ఏంటో ఎవరికీ తెలియదు, ఓవెన్‌కి తప్ప. అది బ్రయన్ అనే పేరు అరిగిపోగా మిగిలింది. నూట యాభై ఏళ్ళ కిందట ఆ పక్క పొలంలో ఒక బావి ఉండేది. మొహం మీద కణితితో వికారమైన ఒక ముసలాయన, ఆ నీళ్ళలో మహిమ ఉందని నమ్మి నెలల తరబడి రోజూ వచ్చి స్నానం చేశాడు. కణితి పోలేదు. ఒకరోజు పొద్దున్న ఆయన శవం ఆ బావిలో తేలింది. తర్వాత బావీ ఎండిపోయింది. ఓవెన్‌కి తాత చెప్పాడు. ఇప్పుడు ఓవెన్ అడిగేది సూటి ప్రశ్న: ఎవరికీ గుర్తులేని మనిషి కోసం, లేని బావి కోసం ఈ పేరుని ఇలాగే ఉంచాలా? యోలండ్ జవాబు చిన్నది. నీకు గుర్తుంది కదా అంటాడు. పేరు ఉంచేస్తారు.

ఈ నాటకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ రెండు పేజీలే, ఎందుకంటే ఫ్రీల్ ఇక్కడ తన వాదానికే ఎదురు తిరుగుతాడు. టోబర్ వ్రీ పేరు మారలేదు, ఐరిష్‌లోనే ఉంది. దాని వల్ల బ్రయన్‌కి ఒరిగిందేమీ లేదు. ఓవెన్ తాతకీ మనవడికీ మధ్య మాట తెగిపోయిన రోజున ఆ పేరు అచ్చమైన ఐరిష్‌లో అర్థంలేని శబ్దంగా నిలబడేది. మా సహోద్యోగి వెతుకులాట విషయం కూడా ఇదే అనుకుంటాను. పారిష్ పేరు దొరికాక ఆయనకి ఇంకా దొరకాల్సింది, ఆ కూడలికి ఆ పేరెందుకొచ్చిందో చెప్పే మనిషి.

ఇక్కడ నాకు నాటకంతో ఒక తగాదా ఉంది. ఫ్రీల్ ఈ కథకి ఆధారం చేసుకున్న వాటిలో ముఖ్యమైనది, జె. హెచ్. ఆండ్రూస్ అనే చరిత్రకారుడు 1975లో రాసిన సర్వే చరిత్ర, ‘ఎ పేపర్ లాండ్‌స్కేప్’. నాటకం వచ్చాక ఆండ్రూస్ మర్యాదగానే అభ్యంతరాలు చెప్పాడు. సర్వే సైనికులు బయొనెట్లతో ఊళ్ళు ఖాళీ చేయించేవాళ్ళు కాదు, పేర్లు తేల్చిన తీరు కూడా ఇది కాదు అని. 1983లో ‘క్రేన్ బ్యాగ్’ పత్రికలో ఇద్దరూ ఒకేచోట మాట్లాడారు. ఫ్రీల్ తేలిగ్గా తప్పించుకున్నాడు, నాటకం చరిత్ర కాదని. ఆ మాట ఒప్పుకోవచ్చు. బయొనెట్ల సంగతి నాకు పట్టింపు లేదు. పట్టింపు ఉన్నది నేమ్ బుక్ దగ్గర.

అసలు సర్వేలో ఓవెన్ చోట ఉన్నవాడు జాన్ ఓడొనొవన్. కిల్కెనీ కౌంటీ రైతుబిడ్డ, ఆ కాలంలో ఐరిష్ భాషకి ఉన్న పెద్ద పండితుల్లో ఒకడు. 1830లో సర్వేలో చేరాడు. పారిష్ పారిష్‌కీ నడిచి, ముసలివాళ్ళని కూచోబెట్టి పేరు పలికించుకుని, దాని మూలం ఏమై ఉంటుందో రాసుకునేవాడు. 1835లో డనిగాల్‌కీ వెళ్ళాడు. అసలు నేమ్ బుక్కుల్లో ఒక్కో చోటుకీ దొరికిన రకరకాల స్పెల్లింగులు వరసగా ఉంటాయి. పక్కన ఆ స్పెల్లింగు ఎవరిదో రాసి ఉంటుంది: ఫలానా పాదిరీ, ఫలానా భూస్వామి ఏజెంటు, ఫలానా పాత పటం. ఆపైన నేల ఎలా ఉంది, ఎవరి ఆధీనంలో ఉంది అని నాలుగు ముక్కలు. అంటే ఆ పుస్తకాల్లో పేరు ఒక్కటే లేదు, పేరు చెప్పిన నోళ్ళు కూడా ఉన్నాయి.

ఫ్రీల్ ఈ నోళ్ళన్నిటినీ తీసేసి, పనంతా ఒక గదిలో సారా తాగే ఇద్దరు కుర్రాళ్ళ చేతిలో పెట్టాడు. రంగస్థలం మీద అది తేలిక, నవ్వు కూడా వస్తుంది. కానీ దాని వల్ల ఊరివాళ్ళు తమ ఊరి పేరు విషయంలో మూగవాళ్ళైపోయారు. ఓడొనొవన్ అడిగితే కూడలి పేరెందుకలా వచ్చిందో చెప్పిన ముసలాయన్ని రంగం మీదకి తెచ్చి ఉంటే? చెప్పినది రాసుకోవడంలోనే ఎంత మిగులుతుందో, ఎంత పోతుందో కళ్ళముందు కనిపించేది. అది ఇంకా కష్టమైన నాటకం, ఇంకా మంచి నాటకం కూడా అయ్యుండేదని నా అనుమానం.

పైగా, తర్వాత జరిగింది చూడండి. ఆ సర్వే పటాల మీదే 1847 నుంచి 1864 దాకా గ్రిఫిత్ వాల్యుయేషన్ అనే పన్ను లెక్క కట్టారు. ఏ టౌన్‌లాండ్‌లో ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో పేరుపేరునా రాశారు. అదే కాలంలో కరువు వచ్చి పది లక్షల మంది పోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కారు. జనాభా లెక్కలుండేవి గానీ 1861, 1871, 1881, 1891 లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేసింది, చివరి రెండూ మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం గుజ్జుకి పోయాయి. అంతకుముందు నాలుగు దశాబ్దాలవి దాదాపుగా 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ భవనం పేలినప్పుడు, అక్కడి పబ్లిక్ రికార్డ్ ఆఫీసుతో పాటు కాలిపోయాయి. ఐరిష్ వాళ్ళు ఐరిష్ వాళ్ళతో పోరాడిన అంతర్యుద్ధం అది. పుట్టుక నమోదు అందరికీ మొదలైంది 1864లో. అంతకు ముందువాళ్ళ కోసం మిగిలినవి ముఖ్యంగా రెండు. ఒకటి, పాదిరీలు రాసుకున్న కేథలిక్ రిజిస్టర్లు. 2015లో నేషనల్ లైబ్రరీ వాటి ఫోటోలు ఎవరైనా చూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. రెండోది గ్రిఫిత్ లెక్క. బిడ్డ పేరు, తల్లి పుట్టింటి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు రిజిస్టర్ ఇస్తుంది. కుటుంబం ఏ పొలం గట్టున ఉండేదో గ్రిఫిత్ చూపిస్తాడు. గ్రిఫిత్ చూపించాలంటే టౌన్‌లాండ్ పేరు సర్వేవాళ్ళు రాసిన స్పెల్లింగులోనే అడగాలి. ఓవెన్ చివరికి తప్పని తోసిపుచ్చే ఆ నేమ్ బుక్కే మునిమనవరాలికి తాళంచెవి.

పటం అన్నీ చూపిస్తుందని కాదు. ఈవన్ బోలండ్ ‘దట్ ద సైన్స్ ఆఫ్ కార్టోగ్రఫీ ఈజ్ లిమిటెడ్’ కవితలో, కరువు పనుల కింద ఆకలి జనంతో వేయించిన రోడ్లు ఎక్కడికీ వెళ్ళకుండా మధ్యలో ఆగిపోతాయనీ, అవి పటం మీద ఉండవనీ చెబుతుంది. ఫ్రీల్ కన్నా ఆమె ఫిర్యాదు నాకు సూటిగా అనిపిస్తుంది. పటం తప్పు పేరు రాసిందని కాదు, ఎవరు ఎక్కడ పడిపోయారో రాయలేదని.

మూడో అంకంలో యోలండ్ కనబడకుండా పోతాడు. కెప్టెన్ లాన్సీ వచ్చి, ఆచూకీ చెప్పకపోతే ముందు పశువుల్ని చంపుతాం, తర్వాత ఫలానా ఊళ్ళు ఖాళీ చేయిస్తాం అని జాబితా చదువుతాడు. అన్నీ కొత్త పేర్లు. వినేవాళ్ళకి అవి ఏ ఊళ్ళో తెలియదు. ఒక్కో పేరుకీ ఓవెన్ పాత పేరు చెప్పాల్సి వస్తుంది, తను మార్చినవాటిని తనే వెనక్కి మారుస్తూ. తర్వాత లాన్సీ సేరా వైపు తిరిగి నువ్వెవరని అడుగుతాడు. మొదటి అంకంలో ఎంతో కష్టపడి తన పేరు చెప్పడం నేర్చుకున్న పిల్ల. నోరు పెగలదు. ఓవెన్ చెబుతాడు: సేరా జానీ శాలీ. ఎక్కడుంటుంది? బున్ నా హావన్. ఎక్కడ? బర్న్‌ఫుట్.

ఒక మనిషి ప్రభుత్వ రికార్డులోకి ఎక్కడం ఇలాగే జరుగుతుంది. అడిగేవాడికి తొందర, చెప్పాల్సినవాడికి నోరు రాదు, మధ్యలో ఇంకెవరో చెబుతారు. న్యూయార్క్‌లో ఐరిష్ వలసదారుల కోసం 1850లో పెట్టిన ఎమిగ్రంట్ సేవింగ్స్ బ్యాంకు పుస్తకాలు ఇవాళ వంశవృక్షాలు వెతికేవాళ్ళకి బంగారం. ఖాతాదారుల్లో సంతకం చేయలేనివాళ్ళు చాలామంది. అందుకని డబ్బు తీసుకోవడానికి వచ్చింది అసలు మనిషేనా అని తేల్చుకోడానికి పుట్టిన చోటు, తల్లిదండ్రులు, వచ్చిన ఓడ లాంటి వివరాలు అడిగి ముందే రాసిపెట్టుకునేవాళ్ళు. మనం పాస్‌వర్డ్ మర్చిపోతే అడిగే సెక్యూరిటీ ప్రశ్నలే అవి. కౌంటీ, పారిష్ దాకా అందులో దొరుకుతాయి. మరణపత్రం రాసిన గుమాస్తాకి అక్కర్లేని ఊరు, డబ్బు కాపాడే గుమాస్తాకి కావాల్సొచ్చింది.

అదే అంకంలో మాయిర వస్తుంది, యోలండ్ కోసం వెతుకుతూ. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ముందురోజు రాత్రి అతను తడి ఇసుకలో తన ఊరి పటం గీసి చూపించాడు. ఆమె ఇప్పుడు నేల మీద దాన్ని గీస్తూ ఇంగ్లండ్‌లోని నార్ఫక్ ఊళ్ళ పేర్లు చెబుతుంది, విన్‌ఫార్దింగ్, లిటిల్ వాల్సింగ్‌హమ్ అంటూ. ఆమె వాటిని చూడలేదు, అర్థం తెలియదు. ఇక తిరిగిరాని మనిషి సొంత పారిష్‌ని వేలితో వెతుకుతోంది. బాలె బెగ్ కోసం పుట్టబోయే మునిమనవరాలు ఎలా వెతుకుతుందో ఇప్పుడు ఈమె అలా వెతుకుతోంది, అదీ సర్వే చేయడానికొచ్చిన సైనికుడి ఊరిని. భాషా విలాపంగా మాత్రమే ఈ నాటకాన్ని చదివేవాళ్ళు ఈ చోట ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు.

చివర్లో ఓవెన్ నేమ్ బుక్‌ని పట్టించుకోవద్దంటాడు, అది పొరపాటు జాబితా అని. తండ్రి హ్యూ దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ఈ పేర్లు మనం నేర్చుకోవాల్సిందే, వీటిలోనే మన ఇల్లు వెతుక్కోవాల్సిందే అన్న ధోరణిలో మాట్లాడతాడు. తాగుబోతు ఓటమి అని కొందరు విమర్శకులు దీన్ని కొట్టేస్తారు. మాయిర వచ్చి తనకి ఇంగ్లీషు నేర్పమని అడుగుతుంది, ఆయన ఒప్పుకుంటాడు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దని హెచ్చరిస్తూనే. బోస్టన్‌లో ‘పైలట్’ అనే కేథలిక్ పత్రిక 1831 నుంచి 1921 దాకా తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వేసింది. ఫలానా కౌంటీ, ఫలానా పారిష్, ఫలానా టౌన్‌లాండ్ మనిషి, ఫలానా ఏడు ఓడ దిగాడు, చెల్లెలు వెతుకుతోంది అన్న పద్ధతిలో. అవన్నీ ఇప్పుడు బోస్టన్ కాలేజీ డేటాబేస్‌లో ఉన్నాయి. మాయిర అలాంటి ప్రకటన వేయించాలనుకుంటే అది ఇంగ్లీషులోనే వేయించాలి, ఊరిపేరు కూడా పత్రిక చదివేవాళ్ళు గుర్తుపట్టే స్పెల్లింగులోనే రాయించాలి.

డనిగాల్‌లో, డెర్రీకి దగ్గర్లో బర్న్‌ఫుట్ అనే ఊరు నిజంగానే ఉంది. ఐరిష్‌లో దాని పేరు కూడా బున్ నా హావనే. ఐర్లండ్ రోడ్డు బోర్డుల మీద పైన వాలు అక్షరాల్లో ఐరిష్ పేరు, కింద ఇంగ్లీషు పేరు ఉంటాయి. మా సహోద్యోగికి ఈ నాటకం పంపించాను. దాంతో పాటు ఓడొనొవన్ డనిగాల్ నుంచి సర్వే ఆఫీసుకి రాసిన ఉత్తరాల సంపుటం కూడా చూడమన్నాను. రెండింట్లో ముందు ఏది చదవమంటావని అడిగాడు. ఉత్తరాలు అన్నాను.